మగ్దల వదిన, యెరూషలేము మరిది

మగ్దల
అదారు నెల మూడో రోజు

మరిది హిల్కియాకి శాంతి.

మీ అన్న మెనహేము పోయి నిన్నటికి మూడు నెలలు నిండాయి. ఈ మూడు నెలలూ ఎందుకు లెక్కపెట్టారో నీకు తెలుసు. ఆయన బిడ్డ నా కడుపులో ఉందేమోనని ఊరు ఊరంతా నా నడుం వంక చూసింది. లేదు. మీ అమ్మ నిన్న ఆ సంగతి ఖాయం చేసుకుని రోజంతా చేపలకి ఉప్పు మీద ఉప్పు పట్టించింది. సాయంత్రానికి ఆ జాడీ ఎవరికీ అమ్మడానికి పనికిరాకుండా పోయింది.

ఇక మిగిలింది నువ్వు. ఆయనకున్న ఒక్క తమ్ముడివి. నువ్వు నన్ను చేసుకుని అన్న పేరు నిలబెట్టాలి. లేదంటే ముగ్గురు పెద్దల ముందు నిలబడితే నేను నీ కాలి చెప్పు విప్పి, నీ ఎదుట ఉమ్మేసి, బయటపడాలి. ఈ రెండింట్లో ఏదో ఒకటి జరిగేదాకా నేను మొగుడున్నదాన్నీ కాను, లేనిదాన్నీ కాను. పుట్టింటికి వెళ్తే "అత్తారింటి మనిషివి, ఇక్కడెందుకు" అంటున్నారు. ఇక్కడుంటే బావి దగ్గర ఆడవాళ్ళు నన్ను చూడగానే మాట మార్చేస్తున్నారు. నాకు రాత్రుళ్ళు నిద్ర పట్టడం లేదు, పగలు పని మీద మనసు నిలవడం లేదు.

నాకు రెండోదే ఇష్టం. మొహమాటం లేకుండా చెబుతున్నాను. నీకు చదువు కావాలి, నాకు దారి కావాలి. వచ్చే నెల పస్కా పండగ అయ్యాక మీ గురువుగారిని అడిగి ఒక పది రోజులు వచ్చి వెళ్ళు.

మా నాన్న బడిపంతులు కావడం ఇన్నాళ్ళకి పనికొచ్చింది. ఉత్తరం నేనే రాశాను, మధ్యలో ఎవరూ చదవలేదు. చేపల బండి తోలే తద్దయి తెస్తాడు. జాడీల మధ్య పెట్టుకున్నాడు కాబట్టి వాసనొస్తే నన్ననకు.

వదిన తిర్సా

*

యెరూషలేము
అదారు నెల ఇరవై ఒకటో రోజు

మహారాజశ్రీ వదినగారికి హిల్కియా నమస్కరించి వ్రాయునది. మీకూ అమ్మకూ శాంతి కలుగుగాక.

మీ ఉత్తరం అందింది. అన్నయ్య పోయిన కబురు నాకు చేపల గుమ్మం దగ్గర తద్దయి నోటి ద్వారా తెలిసింది. ఆ రోజు బట్ట చింపుకుని ఏడు రోజులు దుఃఖంలో నేల మీద కూర్చున్నాను. ఎనిమిదో రోజు పనికి వెళ్ళాను. ఉదయం పూట రాతి గిన్నెలు చెక్కే కొట్టంలో పని చేస్తున్నానని మీకు తెలుసు. రాతికి మైల అంటదు కనుక పండగలొస్తే మాకు ఊపిరాడదు. మధ్యాహ్నం నుంచి గురువుగారు యద్దూవ అరుగు మీద పాఠం. గడిచిన మూడు రోజులూ పగిలిన పొయ్యికి మట్టి మెత్తితే అది పాత పొయ్యా, కొత్త పొయ్యా అన్న విషయం మీద వాదన జరిగింది. ఇంకా తేలలేదు. ఒకాయన కోపంతో భోజనం మానేశాడు.

అసలు సంగతికి వస్తాను. చెప్పు విప్పించుకుని పోవడం అవమానకరమైన దారి. అన్న పేరు ఇశ్రాయేలులో చెరిగిపోకూడదన్నది ఆజ్ఞ. కనుక మిమ్మల్ని స్వీకరించడానికి నేను సిద్ధంగా ఉన్నాను. ఇందులో ఆజ్ఞ తప్ప నాకు వేరే ఉద్దేశం ఏదీ లేదని మీరు నిశ్చింతగా నమ్మవచ్చు. అయితే గురువుగారు పాఠం పూర్తయ్యేదాకా కదలవద్దన్నారు. ఒక్క ఏడాది ఓపిక పట్టండి.

అమ్మ మోకాళ్ళ నొప్పికి ఆలివు నూనె వేడి చేసి రాయండి.

విధేయుడు
హిల్కియా

*

మగ్దల
నీసాను నెల ఇరవై ఐదో రోజు

హిల్కియావారి దివ్య సముఖానికి,

నాలుగేళ్ళు ఈ ఇంట్లో "వదినా, ఆకలేస్తోంది, ఇంకా కాలేదా" అంటూ పొయ్యి చుట్టూ తిరిగినవాడివి, ఇప్పుడు మీరు, గారు, మహారాజశ్రీనా? యెరూషలేము నీళ్ళు బాగానే వంటబట్టాయి.

నీ ఉత్తరం మీ అమ్మకి చదివి వినిపించాను. "స్వీకరించడానికి సిద్ధం" దగ్గర ఆమె ముసుగు సర్దుకుని లేచి నిలబడింది. "వేరే ఉద్దేశం ఏదీ లేదు" అన్న వాక్యం మింగేశాను. ఆమె సంతోషం ఎందుకు చెడగొట్టాలి? కానీ నేను చదువుకున్నాను కదా. నాలుగు సార్లు చదువుకున్నాను. నన్ను స్వీకరిస్తావు, పైగా ఏడాది తరవాత, పైగా నామీద ఇష్టమేమీ లేదని హామీ కూడా. చచ్చిపోయిన మేకని సంతలో బేరం చేసేవాడు కూడా ఇంతకన్నా మర్యాదగా మాట్లాడతాడు.

ఆర్నెల్ల కిందట పర్ణశాలల పండగకి నువ్వొచ్చిన సంగతి నేను మర్చిపోలేదు. అప్పుడే నియమస్థుల్లో చేరావట. మా ఇంటి ధాన్యంలోంచి దేవుడి పదోవంతు సరిగ్గా తీశామో లేదో అనుమానమని నా చేతి వంట ముట్టుకోలేదు. నీ సంచిలోంచి ఎండు రొట్టె తీసి, నీ రాతి గిన్నెలో నీళ్ళు పోసుకుని, మా మధ్యే కూర్చుని నమిలావు. మీ అన్న నవ్వాడు. "చూడవే, మా వాడికి దేవదూతలు వండి పెడతారు" అన్నాడు. నేను పెరట్లోకి వెళ్ళి ఏడ్చాను. నాలుగేళ్ళు తిన్న చెయ్యి ఒక్క ఏడాదిలో మైలపడిందా అని.

అంచేత నేను మొదట రాసిందే మళ్ళీ రాస్తున్నాను. వచ్చి చెప్పు విప్పించుకో. ఇంకో మాట కూడా విను. అర్బేలు ఊళ్ళో బట్టలకి రంగులద్దే యాకీము, పెళ్ళాం పోయి రెండేళ్ళయిన మనిషి, మీ అమ్మ దగ్గరకి కబురు పంపాడు, నాకు విడుదల కాగానే అడగాలనుకుంటున్నాడని. నీలం శాలువా కూడా పంపాడు. అది నాకు నప్పిందని మీ అమ్మే ఒప్పుకుంది.

మీ అన్న చివరి రోజు గురించి అడగలేదు నువ్వు. అయినా చెబుతాను. జ్వరంలో ఆయన నన్ను గుర్తుపట్టలేదు. నిన్ను పిలిచాడు. "వాడికి అన్నం పెట్టావా" అన్నాడు. పెట్టానని అబద్ధం చెప్పాను.

తిర్సా

*

యెరూషలేము
ఇయ్యారు నెల పదకొండో రోజు

వదినా,

నీ ఉత్తరం వచ్చిన రోజున ఒక మంచి గిన్నె పగలగొట్టాను. చక్రం మీద అంచు తీస్తూ "వాడికి అన్నం పెట్టావా" దగ్గర ఆగిపోయాను, ఉలి ఆగలేదు. మేస్త్రీ తిట్టాడు. "ఏరా, ధర్మశాస్త్రం గిన్నెలో ఉందనుకున్నావా, తవ్వేశావు" అన్నాడు. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

ఆ పండగ రోజు గురించి నేను ఎవరికీ చెప్పనిది నీకు చెబుతాను. ఆ రోజు నాకు సిగ్గుగా ఉంది. చేరి నెల కూడా కాలేదు. చేప వాసనకి నోరూరుతోంది. ముట్టుకుంటే నన్ను నేనే నవ్వులపాలు చేసుకున్నట్టని బిగుసుకుని కూర్చున్నాను. తిరుగు దారిలో బేత్షెయాను దాటాక సంచి విప్పితే అడుగున ఆకులో చుట్టిన చేప ఉంది. నువ్వే పెట్టి ఉంటావు, అన్నయ్యకి అలాంటివి తోచవు. నేను దాన్ని బిచ్చగాడికి ఇచ్చేయాలి. రోడ్డు పక్కన రాయి మీద కూర్చుని మొత్తం తిన్నాను, వేళ్ళు కూడా నాకాను. గురువుగారికి ఇప్పటిదాకా చెప్పలేదు.

"వేరే ఉద్దేశం లేదు" అని రాసినందుకు క్షమించు. మర్యాద అనుకుని రాశాను. ఇక్కడ అందరూ అలాగే మాట్లాడతారు. అలా మాట్లాడితేనే పెద్దమనిషి కింద లెక్క.

యాకీము గురించి ఇక్కడ కూడా తెలుసు. మా నియమస్థుల్లో గట్టివాడని చెప్పుకుంటారు. పదోవంతు సంగతి తేలని ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టడట. మంచివాడే అయ్యుంటాడు. నీలం నీకు నప్పుతుందని నాకూ తెలుసు.

పస్కా తరవాత రాలేకపోయాను. గురువుగారు వదల్లేదు. వస్తాను. ఏం చేయడానికి వస్తానో మాత్రం ఈ ఉత్తరంలో రాయలేను. రెండుసార్లు రాసి చించాను, కాగితం వృథా అవుతోంది. నువ్వు మాత్రం రాస్తూ ఉండు. చేపల బళ్ళు వచ్చే రోజున నేను పని మానేసి గుమ్మం దగ్గర నిలబడుతున్నానని తద్దయి నీతో చెప్పే ఉంటాడు. వాడి నోట్లో నువ్వుగింజ నానదు.

హిల్కియా

*

మగ్దల
సీవాను నెల రెండో రోజు

మరిదీ,

చెప్పాడు. అంతే కాదు, నువ్వెలా నిలబడ్డావో చేసి చూపించాడు కూడా. మీ అమ్మ, నేను కడుపుబ్బ నవ్వాం. నవ్వి ఎన్నాళ్ళయిందో.

ఆ చేప పెట్టింది నేనే. తిన్నావని తెలిసి రెండు రోజులు నాలో నేనే నవ్వుకుంటూ తిరిగాను. నీ గురువుగారికి నేను చెప్పనులే.

ఇక్కడ ఒక విశేషం. మన ఇంట్లో పెద్ద అలజడి జరిగింది, చేసింది నేనే. మైల వదలని మట్టి కుండలన్నీ వీధిలో పడేసి పగలగొట్టాను. రాగి గిన్నెలు తీసుకెళ్ళి శుద్ధి చేసే నీటి గుండంలో ముంచాను. రెండు రాతి కాగులు కొన్నాను, ఎవరు చెక్కారో గానీ అంచు వంకర. సమాజ మందిరం పెద్దాయన ఓబద్యా దగ్గర కూర్చుని ధాన్యంలో, నూనెలో, అంజూరపు పళ్ళలో, ఆఖరికి జీలకర్రలో కూడా పదోవంతు ఎలా తీయాలో నేర్చుకున్నాను. ఆయన ఎదుటే మాట ఇచ్చాను. ఇక ఎంతటి నియమస్థుడైనా ఈ ఇంట్లో నిశ్చింతగా భోంచేయొచ్చు.

మీ అమ్మ కుండపెంకులు ఏరుతూ గొణిగింది. "ఎవరి కోసమే ఇదంతా? నలభై ఏళ్ళుగా ఈ కుండల్లోనే తిని బతికాం."

"వచ్చేవాడి కోసం" అన్నాను.

ఆమె నా మొహం చూసింది. ఏమీ అనకుండా నోరు మూసుకుంది. ఈమె నోరు మూసుకోవడం నా కాపురంలో ఇదే మొదలు.

పర్ణశాలల పండగ లోపల ఈ ఇంటికి మగదిక్కు రావాలని ఉంది నాకు. ఇంతకన్నా ఆడదాని చేత రాయించకు. నువ్వు చదువుకున్నవాడివి. పొయ్యి పాతదో కొత్తదో మూడు రోజులు వాదించే బుర్ర నీది, ఇది అర్థం కాకుండా పోతుందా?

సరస్సు మీద గాలి మారింది. ఉప్పు పట్టించే చిన్న చేపలు ఈసారి ముందే వచ్చాయి.

తిర్సా

*

యెరూషలేము
తమ్ముజు నెల పదమూడో రోజు

వదినా,

అర్థమైంది. పది రోజులు పట్టింది గానీ అర్థమైంది. గట్టి నియమస్థుడు భోంచేయగల ఇల్లు, పండగ లోపల వచ్చే మగదిక్కు, పదోవంతు తేలందే మంచినీళ్ళు ముట్టని మనిషి. యాకీము అదృష్టవంతుడు. చెప్పు విప్పే మాట నువ్వు ఈసారి ఎత్తకపోవడం నన్ను తొందరపెట్టకూడదనేనని కూడా అర్థమైంది. నీ మంచితనం నీది.

ఇప్పుడు నా సంగతి చెబుతాను, ఒక్కసారే చెబుతాను. వేరే ఉద్దేశం లేదని మొదట రాశాను. అప్పుడు లేదు. ఇప్పుడుంది. ఎప్పుడు మొదలైందో తెలియదు. గిన్నె పగిలిన రోజున కావచ్చు. పాఠంలో కూర్చుంటే ఒక్క ముక్క తలకెక్కడం లేదు. తింటే అరగడం లేదు. వీధిలో నడుస్తూ నీతో వాదిస్తున్నాను, జనం చూస్తున్నారు.

పోయిన వారం గురువుగారి దగ్గర నోరు విప్పాను. ఎవరి సంగతో చెప్పకుండా అడిగాను. "అన్న పెళ్ళాన్ని ఆజ్ఞ కోసం కాక, ఆమె మీది మనసుతో చేసుకుంటే ఏమవుతుంది?" అని.

ఆయన కళ్ళు మూసుకునే జవాబిచ్చారు. "అన్న పేరు కోసమైతే అది ఆజ్ఞ. ఆమె అందం కోసమో ఆమె మీది ఇష్టం కోసమో అయితే, అన్న పెళ్ళాన్ని ముట్టుకున్న పాపానికీ దానికీ వెంట్రుకవాసి తేడా. పుట్టే బిడ్డ సంగతి నేను నోటితో చెప్పను."

అదీ సంగతి. నీమీద ఇష్టం లేనప్పుడు నిన్ను చేసుకోవచ్చు. ఇష్టం కలిగింది కాబట్టి ఇక కూడదు. నువ్వు యాకీమును కోరుకుంటున్నావు కనుక ఇది ఇలా ముగియడమే మంచిది. కానీ నన్ను నేను నమ్మను. మగ్దల వస్తే, నీ పొయ్యి దగ్గర కూర్చుంటే, చెప్పు విప్పించుకోకుండా "ఉండిపోతాను" అంటాను. అందుకే వెనక్కి రాలేని పని చేశాను. పెళ్ళి కాకపోయినా నువ్వు నాకు కట్టుబడ్డదానివే కనుక, ఇద్దరు సాక్షుల ముందు నీ పేర విడాకుల పత్రం రాయించి తద్దయికి ఇచ్చాను. నీ చేతిలో పెట్టమన్నాను. దాంతో నీకు విడుదల. శాలువా కప్పుకో. సుఖంగా ఉండు.

జవాబు రాయకు. వచ్చినా గుమ్మం దగ్గరకి రాను.

హిల్కియా

*

మగ్దల
అబు నెల రెండో రోజు

హిల్కియా,

తద్దయి వచ్చేసరికి నేను చేపల కొట్టంలో ఉన్నాను. మోచేతుల దాకా ఉప్పు. వాడి వెనక ఇద్దరు మనుషులున్నారు. వాళ్ళు సాక్షులని అప్పుడు నాకు తట్టలేదు. చుట్టిన కాగితం చూడగానే నీ ఉత్తరమనుకున్నాను. చెయ్యి తుడుచుకోవడానికి కూడా ఆగలేదు, చాచాను. వాడు చేతిలో పెట్టి తల పక్కకి తిప్పుకుని, "ఇదిగోనమ్మా, హిల్కియా పంపిన విడాకులు. నన్నేమీ అనకు, నేను బండివాణ్ణి" అన్నాడు. ఆ తరవాత నీ ఉత్తరం ఇచ్చాడు. ముందు ఉత్తరం ఇచ్చుంటే నేను చెయ్యి వెనక్కి తీసుకుందును.

మీ అమ్మ, నేను ఓబద్యా దగ్గరకి పరిగెత్తాం. ఆయన పత్రం చదివి చాలాసేపు గడ్డం నిమురుకున్నాడు.

"ఇది ఎవరు రాయించారమ్మా?"

"మా అబ్బాయే. యెరూషలేములో చదువుతున్నాడు" అంది మీ అమ్మ.

"చదువుతున్నాడా" అన్నాడు ఆయన. తరవాత నా వైపు తిరిగి మెల్లిగా చెప్పాడు. "మరిది విడాకులిస్తే వదినకి విడుదల రాదు తల్లీ. చెప్పు విప్పితేనే విడుదల. కానీ ఈ పత్రం నీ చేతిలో పడ్డ క్షణం నుంచీ అతను నిన్ను చేసుకోవడానికి మాత్రం వీల్లేదు. ఉన్న రెండు తలుపుల్లో ఒకటి మూసేశాడు. రెండోది తెరవలేదు."



ఇప్పుడు విను. యాకీము శాలువా వచ్చిన మర్నాడే తిప్పి పంపేశాను. నాకు నప్పిందని రాశాను గానీ ఉంచుకున్నానని రాయలేదు. నీకు కాస్త మండాలని రాశాను. ఆ తప్పు నాది, ఒప్పుకుంటున్నాను. కుండలు పగలగొట్టింది నీ కోసం. జీలకర్ర గింజలు లెక్కపెట్టి పదోది పక్కన పెట్టింది నీ కోసం. ఈ ఇంట్లో నా చేతి వంట నువ్వు మళ్ళీ తినాలని. ఇంతకన్నా ఎలా చెప్పాలి నేను? డప్పు కొట్టి చెప్పాలా?

నీకు సందేహమొచ్చింది. ఎవరినడిగావు? గురువుగారిని అడిగావు. రాయసగాణ్ణి అడిగావు. ఇద్దరు సాక్షుల్ని వెతికి తెచ్చుకున్నావు. ఊళ్ళో ఉన్న గడ్డాలన్నింటినీ అడిగావు. నన్నడిగావా? ఒక్క కాగితం ముక్క, ఒక్క మాట, "వదినా, ఎవరి కోసం?" అని. తద్దయి ఎలాగూ వస్తూనే ఉన్నాడు కదా.

నీకు నామీద ఇష్టమని తెలిసిన రోజునే నీకు నేను కాకుండా పోయాను. ఒకే బండిలో రెండూ పంపావు.

ఓబద్యా ఇంకోటి కూడా చెప్పాడు. విడుదల కావాల్సింది నాకు కాబట్టి నువ్వున్న ఊరికి నేనే రావాలట. వస్తాను. పర్ణశాలల పండగకి మా ఊరివాళ్ళతో నడిచి వస్తాను. ఆ లోపల ఏ పండితుడైనా వేరే దారి చూపిస్తాడేమో నువ్వు తిరిగి అడుగు. అడగడంలో నువ్వు ఘనుడివి కదా.

తిర్సా

*

యెరూషలేము
ఏలూలు నెల ఆరో రోజు

తిర్సా,

అడిగాను. నెల రోజులుగా అదే పని. రాతి కొట్టం వాళ్ళు నన్ను తీసేశారు, తీసేయక ఏం చేస్తారు. ఆలయం మెట్ల మీద కూర్చునే వాళ్ళని అడిగాను, కింది పేట వాళ్ళని అడిగాను. మా గురువుగారితో ఏ విషయంలోనూ ఏకీభవించని వాళ్ళ అరుగు కూడా ఎక్కాను. అక్కడ ఒక ముసలాయన నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఏం చెప్పాడో తెలుసా?

"నాయనా, మనసులో ఏముందో మేం తూచం. వదినని చేసుకుంటే అది ఆజ్ఞ నెరవేరడమే. ఇష్టం కూడా ఉంటే ఇంకా మంచిది, ఇంట్లో గొడవలుండవు. మా దగ్గరకి ముందే రావాల్సింది."

"ఇప్పుడు?" అన్నాను.

"ఇప్పుడు పత్రం ఇచ్చేశావు కదా" అన్నాడు.

ఈ ఒక్కదాంట్లో మాత్రం ఈ ఊళ్ళో అందరిదీ ఒకే మాట. పొయ్యి మీద కుదరని వాళ్ళకి దీని మీద కుదిరింది.

మా గురువుగారి దగ్గరకి వెళ్ళి గట్టిగా మాట్లాడాను. జన్మలో మొదటిసారి. ఆయన కోప్పడలేదు. "నువ్వు ఎవరి సంగతో చెప్పకుండా అడిగావు. అడిగినదానికి చెప్పాను. విడాకులు రాయించమని నేను చెప్పానా? ఆ అమ్మాయి ఏమంటోందని నేను అడిగేవాణ్ణి, నువ్వు అవకాశం ఇస్తే" అన్నారు. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి. అది చూశాక నాకు తిట్టడానికి కూడా ఎవరూ మిగల్లేదు.

పండగ అయిన రెండో రోజు ఉదయం ముగ్గురు పెద్దలు కూర్చుంటారు. ఒకాయనకి చెవుడు, మాట గట్టిగా పలకాలట. తోలు చెప్పు, పట్టీలతో ఉన్నది, కుడి కాలికి వేసుకోవాలి. నువ్వు దాన్ని విప్పే ముందు నేను ఒక మాట అనాలి, శాస్త్రంలో ఉన్నది ఉన్నట్టు. ఆ మాట ఏమిటో నీకు తెలుసు. రోజూ ఒంటరిగా అని చూసుకుంటున్నాను. రావడం లేదు.

దారిలో యొర్దాను పక్కన ఎండ ఎక్కువ. తలకి తడిగుడ్డ కట్టుకో.

హిల్కియా

*

బేత్షెయాను సత్రం
తిష్రీ నెల ఇరవై ఎనిమిదో రోజు

హిల్కియా,

మా వాళ్ళు గాడిదలకి నీళ్ళు పెడుతున్నారు. ఇంకో ఘడియలో బయల్దేరతారు. ఉన్నంతలో రాస్తాను. తద్దయి ఎదురు బండితో ఇప్పుడే వచ్చాడు, నన్ను చూసి చాటుకి వెళ్ళబోతే పిలిచాను. వాడి మీద కోపం లేదు.

నీ మీదుంది. అది పోలేదు, నడుస్తుంటే ఇంకా పెరుగుతోంది. అది వేరే సంగతి.

అందరి ముందూ నీతో ఒక్క మాట మాట్లాడలేకపోయాను. అయిపోగానే ఆడవాళ్ళు నన్ను చుట్టుముట్టి "విడుదలైంది, విడుదలైంది" అంటూ బయటికి తీసుకుపోయారు. వెనక్కి చూస్తే నువ్వు ఒంటి చెప్పుతో నిలబడి ఉన్నావు.

ఆ పట్టీ అంత గట్టిగా ముడి వేయమని ఎవరు చెప్పారు? నా గోళ్ళు విరిగాయి. వెనక నుంచి ఎవరో "చెయ్యి వణుకుతోంది పాపం" అన్నారు. వణకలేదు, ముడి రాలేదు. రాకపోతే బాగుండునని నేనూ అంత తొందరపడలేదనుకో. తరవాత ఉమ్మేయమంటే నోరెండిపోయింది. పెద్దాయన నీళ్ళు తెప్పించాడు. రాతి గిన్నెలో తెచ్చారు. తాగి, ఉమ్మేసి, "అన్న ఇల్లు కట్టని మనిషికి ఇలాగే జరుగుతుంది" అన్నాను. తప్పు లేకుండా పలికానని మెచ్చుకున్నారు. బడిపంతులు కూతుర్ని కదా.

విడుదల పత్రం నా నడుం గుడ్డలో ఉంది. నిన్న రాత్రి విప్పి చదివాను. దాని ప్రకారం ఇక ఈ లోకంలో ఎవరినైనా చేసుకోవచ్చు, నిన్నొక్కణ్ణి తప్ప. ఊరికి వెళ్ళాక ఏం చేస్తానో నాకే తెలియదు. మీ అమ్మ దగ్గరే ఉంటాను, ఉండొద్దని ఏ శాస్త్రంలోనూ లేదట. ఓబద్యాని అడిగే బయల్దేరాను. పదోవంతు తీయడం మానను. అలవాటైపోయింది.

పత్రంలో నీ మాట కూడా రాశారు. "ఈమెను చేసుకోవడం నాకిష్టం లేదు" అని హిల్కియా ముగ్గురు పెద్దల ఎదుట స్పష్టంగా చెప్పాడు, అని. చెప్పావు. మూడోసారి చెప్పావు, గోడ దద్దరిల్లేలా చెప్పావు, ఆ చెవిటాయన కూడా తలూపాడు. రాయసగాడు కలం ఎత్తింది అప్పుడే.

దానికి ముందు రెండుసార్లు నీ పెదవులు కదిలాయి, మాట పెద్దల దాకా రాలేదు. "వినపడలేదు, మళ్ళీ చెప్పు బాబూ" అన్నాడు పెద్దాయన. రెండుసార్లూ అన్నాడు. అది ఎవరూ రాసుకోలేదు. కానీ నేను నీకు జానెడు దూరంలో ఉన్నాను, నాకు వినపడింది, రెండుసార్లూ చివరి "లేదు" లేకుండా.

తిర్సా